లిలువాలో పనిచేసిన పేరు

మా ఇంటిపేరు ఒక ఇంగ్లీషు దొరది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ముందు నా ముఖం చూస్తారు, తర్వాత నా చేతుల రంగు చూస్తారు, ఆ తర్వాత మీరు కిరస్తానీలా అని అడుగుతారు. కాదు. మా ఇంట్లో అసిరితల్లికి కోడిని కోస్తాం, శ్రీరామనవమికి పానకం కలుపుతాం. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. ఈ దేశం మొత్తం మీద ఆ పేరున్న ఇళ్ళు రెండే కాబట్టి, రాస్తే మా తలుపు తట్టడానికి ఎవరికైనా అరపూట చాలు. రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో మీకే తెలుస్తుంది.

నేను పుట్టింది కలకత్తా పక్కన లిలువాలో, రైలుపెట్టెలు బాగుచేసే కార్ఖానా పక్కనున్న క్వార్టర్లలో. మా తాత ఆ కార్ఖానాలో పనిచేశాడు, మా నాన్న పనిచేశాడు, నేనూ పనిచేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. తాత శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాడు. నేను పాలు తాగే వయసులోనే పోయాడు. ఆయన ఫొటో ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఆయన గుర్తుగా మిగిలింది ఒక ఇత్తడి బిళ్ళ. పూర్వం కార్ఖానా గేటు దగ్గర పనివాళ్ళ హాజరు ఈ బిళ్ళలతోనే పడేది. దాని మీద అంకె వేసి ఉంటుంది, అదే మనిషి. మావాళ్ళు దాన్ని టికెట్టు అనేవాళ్ళు. బిళ్ళలు మార్చినప్పుడు తాత పాతదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడట. అది దేవుడి గూట్లో ఉంటుంది. విశ్వకర్మ పూజనాడు సుత్తికీ స్పానర్‌కీ బొట్టు పెట్టినట్టే దానికీ పెడతాం.

తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది. మాది వెనక తోకలా వేలాడేది. చిన్నప్పుడు స్కూల్లో బెంగాలీ మాస్టారు హాజరు పిలుస్తూ నా దగ్గర ఆగిపోయేవాడు. బెంగాలీలు ఇంటిపేరును టైటిల్ అంటారు. ఒకరోజు కళ్ళజోడు పైకెత్తి, నీ టైటిల్ ఏ దేశానిది అని అడిగాడు. శ్రీకాకుళానిదండీ అన్నాను. మాస్టారు నవ్వలేదు గాని క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం ఇద్దరిని కొట్టి ఇంటికొచ్చాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే. రేషన్ కార్డు గుమాస్తా నుంచి బ్యాంకు పిల్ల దాకా, ఇది నిజంగా మీ పేరేనా అని అడిగిన ప్రతివాళ్ళతోనూ గొడవపడ్డాను. నా పేరు నాకు తెలీదా?

నాన్నని అడిగితే ఒకటే కథ చెప్పేవాడు. అప్పట్లో మా వైపునుంచి కార్ఖానాకి వచ్చినవాళ్ళలో సగంమందికి ఒకే పేరు, ఊరి దేవుడి పేరు. పిలిస్తే ఏడుగురు పలికేవారట. హాజరు గుమాస్తా విసిగిపోయి ఒకడి పక్కన పొట్టి అని, ఒకడి పక్కన ఊరి పేరు అని, ఏది తోస్తే అది రాసుకున్నాడు. తాత ఒక దొర వెనకాల కొలబద్దలు పట్టుకు తిరిగేవాడు కాబట్టి ఆయన పక్కన ఆ దొర పేరు తగిలించాడు. పొట్టివాడి కొడుకు పొడుగ్గా పుట్టి ఆ పేరు వదిలించుకున్నాడు, మాది మాత్రం స్థిరపడిపోయింది. ఇది నాన్న కథ. అమ్మ మాత్రం ఈ ప్రస్తావన వస్తే చాలు, "ఏటి పేరు పేరని? తిన్నావా నేదా, అది సెప్పు" అని లేచిపోయేది. ఆవిడకి పేర్ల గోల పట్టదు అనుకునేవాణ్ణి.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చుని అందరి మీదా కేకలు వేస్తున్నానని మా అమ్మాయి నాకొక పని పెట్టింది. తను సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం చేస్తుంది. ఫోన్లో ఒక పటం తెరిచి చూపించింది. ఇంగ్లాండులో ఏ ఇంటిపేరువాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో రంగు వేసి చూపించే పటం అది. మా పేరు కొడితే దేశమంతా తెల్లగా ఉండిపోయి రెండే చోట్ల మచ్చలు పడ్డాయి. ఒకటి ఉత్తరాన కొండల మధ్య ఒక లోయ, రెండోది తూర్పున సముద్రపు ఒడ్డు మీద ఒక రేవు. అంతే. ఇంత పెద్ద దేశంలో ఇంత చిన్న పేరు పట్టుకొచ్చి మా తాతకి తగిలించారే అని నాకు ఆశ్చర్యం వేసింది, కొంచెం గర్వం కూడా వేసింది. దాచుకోవడం ఎందుకు.

అప్పటినుంచి అదే పిచ్చి. ఆ లోయలో ఏటి మలుపు దగ్గర ఒక పొలం ఉండేదట, పొలం పేరే అక్కడున్నవాళ్ళకి ఇంటిపేరైంది. మనకి ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లవడం లేదూ, ఇదీ అంతే. ఆ పొలం వాళ్ళలో ఒకడు గొర్రెలతో విసిగి రేవుకి పోయి పడవలు కట్టే పనిలో చేరాడు, అందుకని రెండో మచ్చ. లోయలో వరసగా ఆడపిల్లలే పుట్టి పేరు సన్నగిల్లిందట. వాళ్ళ చర్చి ఫొటో చూశాను, గొర్రెల్ని చూశాను, వాన చూశాను. ఇవన్నీ నాకు చెప్పినవాడు ఆ రేవులోనే ఉండే ఒక ముసలి మాస్టారు. ఆ ఇంటిపేరున్న మనిషి ప్రపంచంలో ఎక్కడున్నా పట్టికలో ఎక్కించడం ఆయన వ్యాపకం. మా అమ్మాయి చేత ఆయనకి ఉత్తరం రాయించాను. ఆయన పొంగిపోయాడు. కలకత్తాలో మీరెలా ఉన్నారు అని అడిగి, జవాబు దొరికేదాకా మమ్మల్ని పట్టికలో ప్రశ్నార్థకం పెట్టి ఉంచుతానన్నాడు. మా వంశం పక్కన ప్రశ్నార్థకమేమిటని మొదట కోపం వచ్చింది. తర్వాత, పాపం ఆయన పద్ధతి ఆయనది అనుకున్నాను.

ఇలా ఉండగా ఒక ఆదివారం మా అమ్మాయి అన్నం తింటూ, నాన్నా మన పేరున్నవాళ్ళు ఈ ఊళ్ళోనే ఇంకో ఇల్లు ఉన్నారు అంది. ముద్ద నోట్లోనే ఉండిపోయింది నాకు. ఆఫీసు బస్సులో పక్క సీటు కుర్రాడి మెడలో వేలాడే కార్డు మీద తన ఇంటిపేరే కనిపించిందట. వాళ్ళది ఖిదిర్‌పూర్. తాతముత్తాతలు ఓడల డాక్‌లో బస్తాలు మోసినవాళ్ళు, మన శ్రీకాకుళం వాళ్ళే. మీ పేరెక్కడిదంటే మీ పేరెక్కడిదని మొదలైన మాటలు రెండేళ్ళు నడిచాయి. ఇప్పుడు ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకుంటున్నారు. నేను పిల్లవాడి గురించి ఒక్క ప్రశ్నా వేయకుండా, వాళ్ళ పేరు ఎలా వచ్చిందట అని అడిగాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

గొడవ అమ్మ దగ్గర వచ్చింది. ఆవిడకి ఎనభై ఐదు. చెవులు పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళు, ఇంకో మాట లేదు, నా పేణం ఉండగా ఈ మనువు జరగదు అంది. అది మనకి కొత్త నియమం కాదు, ఒకే ఇంటిపేరులో పిల్లనిచ్చి పుచ్చుకోవడం మావాళ్ళలో ఎవరూ చెయ్యరు. కానీ ఇది దొర పేరు కదా, రక్తం కాదు కదా అని నేను వాదించాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మా అమ్మాయి వాదించలేదు, ఏడవలేదు. ఆ పిల్లాడు కాకపోతే ఇంకెవరూ వద్దు నాన్నా అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత మాతో కూర్చుని తినడం మానేసింది. కేకలేస్తే తట్టుకోగలను గాని, వంటింట్లో నిలబడి ఒక్కతే తినే పిల్లని చూడలేకపోయాను.

సరే, నా పిచ్చి ఇప్పటికి పనికొస్తుంది అనుకున్నాను. ఈ పేరు ఏ వంశానిదీ కాదని, ఒకే దొర కింద పనిచేసిన ఇద్దరు వేరువేరు మనుషులకి ఒక గుమాస్తా తగిలించిందని రుజువు చేస్తే చాలు. ఇంగ్లాండు మాస్టారుకి మళ్ళీ రాయించాను. ఆ దొర గురించి చిన్న ముక్క దొరికినా పంపండి, ఇక్కడ ఒక పిల్ల పెళ్ళి దానిమీద ఆగి ఉంది అని. ఆయన నిజంగానే కదిలాడు. దొరది ఆ లోయే. పెళ్ళి చేసుకోలేదు. ఆరోగ్యం చెడి దేశానికి తిరిగి వెళ్ళి అక్కడే పోయాడు. ఆయన చెల్లెలి మనవరాలి ఇంట్లో ఒక అట్టపెట్టె ఉంటే, దాంట్లోంచి ఒక ఫొటో తీసి పంపాడు మాస్టారు.

రైలుపెట్టె ముందు దొర టోపీతో నిలబడి ఉన్నాడు. పక్కన తలపాగా కట్టుకున్న సన్నటి మనిషి, చేతిలో కొలబద్ద. ఫొటో వెనక దొర దస్తూరీలో ఆ మనిషి పేరు ఉంది. అచ్చం మా తాత పేరే, పక్కన దొర ఇంటిపేరు. హాజరు పుస్తకంలో ఇతనికి నా పేరు పెట్టారు, బెంగాల్లో నాకు ఇప్పుడొక చుట్టం ఉన్నాడు అని కింద రాసుకున్నాడు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అరవై రెండేళ్ళకి తాత ముఖం చూశాను కదా. పెద్దది చేయించి, అద్దం కట్టించి, గంధం బొట్టు పెట్టి, దేవుడి గూటి పక్కన తగిలించి అమ్మని పిలిచాను. ఆవిడ ఫొటోకి దగ్గరగా వెళ్ళి చాలాసేపు చూసింది. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

మా అమ్మాయి ఆ ఫొటోని ఆ కుర్రాడికి పంపింది. పావుగంటలో వాళ్ళింటి గోడ ఫొటో ఒకటి తిరిగి వచ్చింది. దండ వేసిన ముసలాయన పటం. కళ్ళు అవే, ముక్కు అదే, దవడ మీద పుట్టుమచ్చ అదే. కొలబద్ద పట్టుకున్న మనిషే, ముసలివాడయ్యాడు. ఆయన వాళ్ళ ముత్తాత.

అంటే ఇద్దరికీ ముత్తాత ఒక్కడే. అంటే అమ్మ అన్నదే నిజం, వీళ్ళు ఒకే రక్తం. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే అనుకున్నాను. కాళ్ళమీద పడి అడిగి తెప్పించుకున్న రుజువుతో నా చేతులతో నేనే పిల్ల పెళ్ళి చెడగొట్టాను. మా అమ్మాయి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఇంక నేను ఆ పిల్లాడితో మాట్లాడకూడదు కదా నాన్నా అని మెల్లగా అడిగింది. లోయ గొర్రెలూ, చర్చీ, ఏటి మలుపూ, అన్నిటినీ ఎత్తి గంగలో పారెయ్యాలనిపించింది.

అప్పుడు అమ్మ గదిలోంచి వచ్చింది. మనవరాలి ముందు నేలమీద కూలబడి, నావైపు చూసి చెప్పింది.

"ఈయన మీ తాత కాదురా. ఈ పేరు ఈయన్ది. మీ తాత ఈయన బిళ్ళ మీద పన్లోకెళ్ళినాడు."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మా కాలానికి పోయింది గాని, పూర్వం మావాళ్ళలో ఒక పద్ధతి ఉండేదని కార్ఖానాలో ముసలివాళ్ళు చెప్పగా విన్నాను. ఎవరికైనా జబ్బు చేసి ఊరికి పోవలసి వస్తే, చోటు పోకుండా తన బిళ్ళని ఊరివాడి చేతిలో పెట్టి వెళ్ళేవాడు. ఆ ఊరివాడు ఆ బిళ్ళతో, ఆ పేరుతో పనిచేసేవాడు. అసలువాడు తిరిగి రాగానే బిళ్ళ అతని చేతిలో పెట్టి తప్పుకోవాలి. కాగితం లేదు, సాక్షి లేదు. అంతా మాట మీద నడిచేది.

కొలబద్ద మనిషికి జ్వరం పట్టుకుని వదల్లేదు. బిళ్ళ మా తాత చేతిలో పెట్టి, నేనొచ్చేదాకా నా పేరు నిలబెట్టు అని చెప్పి ఊరెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఏడాది దాటింది. దొర దేశానికి వెళ్ళిపోయాడు. కొత్త దొరకి ఆ పేరంటే మా తాత ముఖమే తెలుసు. ఆ తర్వాతది అమ్మ మాటల్లోనే రాయాలి.

"గేటుకాడ నిలబడి ఆ బిళ్ళ నాదన్నాడంట. ఈడెవుడని దొర మీ తాతనడిగినాడు. నాకు తెల్దన్నాడంట మీ తాత. అప్పటికి మీ నాయన కడుపులో ఉన్నాడు. మా అత్త పోయీముందు నాకు సెప్పి, ఎవుల్తోనూ అనకన్నాది. ఇన్నేళ్ళూ అన్నేదు. ఆలూ మనమూ వియ్యంకులై ఒక సాప మీద కూకుంటే ఈ మాట రాకుంటాదేటి? అందుకే వద్దన్నాను. పిల్ల ఇలగైపోతాదనుకోనేదు."

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద కాదు. ఎప్పుడో పోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం చెయ్యాలో తెలియక బయటికి పోయి వీధి చివరిదాకా నడిచాను. నాన్న ఉద్యోగం తాత చోటు వల్ల వచ్చింది, నాది నాన్న చోటు వల్ల వచ్చింది. నేను పుట్టిన క్వార్టరు, చదివిన చదువు, అన్నీ ఒక మనిషిని నాకు తెలీదు అన్నందుకు వచ్చినవే. నా పేరు నాకు తెలీదా అని ఊరంతా దెబ్బలాడాను. తెలీదు. నాకు సిగ్గేసింది.

చెప్పకుండా పెళ్ళి చేసెయ్యలేం. చెబితే వాళ్ళు కాదంటారేమోనన్న భయం. నేను వెళ్ళి చెప్తాను అంటే అమ్మ ఒప్పుకోలేదు. తనే వస్తానంది. మర్నాడు పొద్దున్నే టాక్సీ పిలిచి, హుగ్లీ వంతెన మీదుగా ఖిదిర్‌పూర్ వెళ్ళాం, ఆవిడా నేనూ. డాక్ గోడ పక్కన సన్నటి సందు. ఆ కుర్రాడి తాత గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, తొంభైకి దగ్గరపడినవాడు, బస్తాలు మోసి మోసి ఒక భుజం కిందికి జారిపోయింది. కొలబద్ద మనిషికి కొడుకు. రండి చెల్లెమ్మా అని అమ్మని లోపలికి పిలిచి టీ పెట్టమన్నాడు. అమ్మ టీ వచ్చేదాకా ఆగలేదు. గోడమీది పటానికి దణ్ణం పెట్టి, జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

ఆయన పటంవైపు తిరిగాడు. తర్వాత అన్నాడు:

"మా అయ్య అనీవోడు చెల్లెమ్మా. 'నా పేరు లిలువాలో కూకొని పన్జేస్తన్నాది, నానిక్కడ బస్తాలు మోస్తన్నాను' అనీవోడు. మేం ఆసికమాడతన్నాడనుకునీవోలం."

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆలోచించి పట్టుకోలేదు, ఒళ్ళు దానంతటదే వంగిపోయింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, నువ్వేటి సేసినావు బాబూ, లెగు అన్నాడు. అమ్మ కొంగు ముడి విప్పింది. అందులో దేవుడి గూట్లోని ఇత్తడి బిళ్ళ ఉంది. ఎప్పుడు తీసి ముడేసుకుందో నాకు తెలీదు. ఆయన అరచెయ్యి పట్టుకుని దాంట్లో పెట్టి, వేళ్ళు మూసింది. విశ్వకర్మ పూజ కుంకుమ ఆ అంకె గాట్లలో ఇంకా ఎర్రగానే ఉంది. ఆయన పిడికిలి విప్పలేదు. టీ చల్లారిపోయింది.

తర్వాత ఆయనే, పెళ్ళికి నాకేం అడ్డు లేదు గాని ఒక్కటి తెలియాలి అన్నాడు.

"ఈ పేరు మాది కదా. మరి మీదేటి? పిల్ల ఏ ఇంటి పిల్లో తెలాల."

అమ్మ మా అసలు ఇంటిపేరు చెప్పింది. వాళ్ళత్త చెవిలో చెప్పిన ఆ పేరుని ఆవిడ పైకి అనడం అదే మొదటిసారి, నేను వినడమూ అదే. తెలుగు పేరు, మూడక్షరాలు, ముందుండే పేరు. ఆయన కళ్ళు చిట్లించి, ఆ ఇంటోలా, ఆలకీ మాకూ ముందునుంచీ ఇచ్చిపుచ్చుకోడాలున్నాయి అన్నాడు. అప్పుడు అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

పెళ్ళి ఫాల్గుణంలో అయింది. శుభలేఖలో నా పేరుకి ముందు ఆ మూడక్షరాలు వేయించాను. లిలువాలో సగంమంది ఇదెవరి పెళ్ళి అని ఫోన్ చేశారు. కాగితాల్లో మాత్రం ఇంకా పాత పేరే ఉంది, మార్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. ఇప్పుడు గుమాస్తా ఇది నిజంగా మీ పేరేనా అని అడిగితే దెబ్బలాడటం లేదు. కూర్చుని చెబుతున్నాను, వినే ఓపిక వాళ్ళకే ఉండటం లేదు. ఆ లోయ నాది కాకుండా పోయిందే అని అప్పుడప్పుడు దిగులు వేస్తుంది. ఫొటోల్లో తప్ప ఎన్నడూ చూడని గొర్రెల మీద కూడా బెంగ పెట్టుకోవచ్చని నాకు తెలీదు.

ఇంగ్లాండు మాస్టారు పట్టిక పూర్తి చెయ్యాలి, కలకత్తా సంగతి ఏమైంది అని రెండుసార్లు రాశాడు. ఈసారి మా అమ్మాయి సాయం లేకుండా, నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే జవాబు రాశాను. లిలువాలో ఆ పేరువాళ్ళు ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు, మమ్మల్ని తీసేయండి అని రాశాను. ఖిదిర్‌పూర్‌లో ఐదుగురున్నారు, వాళ్ళ పక్కన ప్రశ్నార్థకం అక్కర్లేదు, ఐదో మనిషి మా అమ్మాయి.